20 నిమిషాల వైద్య పాఠం

దివిసీమలో సార్వా పనులు మొదలయ్యాయంటే పాముకాటు భయమూ మొదలైనట్లే. 2018 ఆగస్టులో అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి పాము కరచినవారు ఒకరి వెంట ఒకరు వచ్చారు.

అటువంటి వేళ చేసే పరీక్ష ఒకటుంది. రోగి రక్తం రెండు మిల్లీలీటర్లు తీసి, శుభ్రమైన గాజు టెస్ట్ ట్యూబులో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తే రక్తం గడ్డకట్టక జారిందా, రక్తపింజరి విషం ఎక్కిందన్నమాటే. విరుగుడు మందు వెంటనే పడాలి. గడ్డకట్టినా నిశ్చింత లేదు. నాగుపాము, కట్లపాముల విషం నరాలను పట్టేస్తుంది.

యంత్రం అక్కరలేదు, గడియారం చాలు. మంచం మీద ఉన్నది తన మేనమామే అయితే, ఆ 20 నిమిషాలను హైస్కూలు పిల్లవాడు జన్మలో మరచిపోడు. డాక్టరు కావాలన్న కోరిక పుట్టేది అక్కడే. గుడివాడలోనూ, బందరులోనూ బై.పి.సి.లో చేరే పిల్లలకు మాత్రం ర్యాంకు గురించి తెలిసినంతగా రోగి గురించి తెలియదు.

మచిలీపట్నంలో 2023 సెప్టెంబరు 15న 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఎం.బి.బి.ఎస్. తొలి ఏడాదిలోనే విద్యార్థులను రోగుల చెంతకు పంపే పద్ధతి దేశంలో 2019లో వచ్చింది. తర్వాత పల్లె కుటుంబాలను దత్తత తీసుకొనే ఏర్పాటూ జరిగింది. అయితే ఇదంతా సీటు వచ్చాక దక్కే అనుభవం.

ఆ విద్యార్థులు పల్లెలకు వెళ్ళినప్పుడు ఊరి హైస్కూలులో ఒక గంట గడిపితే బాగుంటుంది. కరచిన కాలు కదలకుండా బద్ద కట్టడం పిల్లల చేతనే చేయించాలి. తాడు బిగించరాదని, గాటు పెట్టరాదని చెప్పాలి. వారిలో ఒక్కరు డాక్టరైనా మేలే. కాకపోయినా ఊళ్ళో ఒక ప్రాణం నిలుస్తుంది.