ఎదుగుచున్న బిడ్డకు కారులో తదుపరి ఆసనము

ఒకప్పుడు గ్రామమునకు కారు వచ్చినదనిన పిల్లలందరును దాని చుట్టు మూగెడివారు. నేడు పరిస్థితి మారినది. తారురోడ్లు పడినవి. పలువురి ఇండ్ల ముందర కారులు నిలిచియున్నవి. సొంత కారు లేనివారు సైతము పురిటికి, పెండ్లికి, యాత్రకు, ఆసుపత్రికి అద్దె కారు మాట్లాడుకొనుచున్నారు. ప్రయాణము సుఖమైనది, వేగము హెచ్చినది. కాని ఆ కారులో పసిబిడ్డ కూర్చుండు స్థానము మాత్రము పెక్కు కుటుంబములలో మారలేదు. అది నేటికిని తల్లి ఒడియే.

తల్లి ఒడిని మించిన రక్షణ బిడ్డకు లేదని మన నమ్మకము. ఇంటిలో అది నిజమే. పరుగిడుచున్న కారులో మాత్రము నిజము కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు చెట్టునో లారీనో గ్రుద్దుకొన్నచో రెప్పపాటు కంటె తక్కువ కాలములో ఆగిపోవును. అప్పుడు బిడ్డ తన బరువునకు సుమారు 20 రెట్ల బలముతో ముందునకు విసరివేయబడును. అనగా 10 కిలోల బిడ్డను పట్టి యుంచుటకు 200 కిలోల బరువును ఆపగల శక్తి కావలెను. అది నాలుగు సిమెంటు బస్తాల బరువు. ఏ తల్లి చేతులకును అంతటి శక్తి ఉండదు. తల్లియు బెల్టు పెట్టుకొననిచో ఆమె బరువు కూడ బిడ్డపై పడును. ఒకే బెల్టును తల్లికిని బిడ్డకును కలిపి చుట్టుట ఇంకను ప్రమాదకరము. ఇరువురి నడుమ బిడ్డయే నలిగిపోవును.

ఈ కారణముననే బిడ్డల కొరకు ప్రత్యేకముగ నిర్మించిన ఆసనములు ఏర్పడినవి. దుకాణములలో వీనిని బేబీ కారు సీట్లు అనుచున్నారు. వీనిని సక్రమముగ వాడినచో ప్రమాదములలో శిశుమరణములు సగమునకు పైగా తగ్గునని పలు దేశముల అనుభవము తెలుపుచున్నది. మన దేశమునను 2019వ సంవత్సరమున సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, 194-బి సెక్షను క్రింద, 14 సంవత్సరములు నిండని పిల్లలను సీటు బెల్టుతో గాని, శిశు రక్షణ సాధనముతో గాని బంధింపకుండ కారు నడుపువారికి 1,000 రూపాయల జరిమానా విధించినది.

ఒక సభ్యుని ప్రశ్న

ఇటీవల ఒక గ్రామమున రోడ్డు భద్రతను గూర్చి మాటలాడుచుండగా ఒక పంచాయతీ సభ్యుడు లేచి ఇట్లడిగిరి: "అయ్యా, మా మనుమనికి పది నెలలు. పుట్టినప్పుడు అల్లుడు తొట్టి వంటి సీటు కొనినాడు. అందులో బిడ్డ ముఖము కారు వెనుక వైపునకు ఉండును. ఇప్పుడు వాని కాళ్ళు సీటు వీపునకు తగులుచున్నవి. పెద్ద సీటు కొని, వానిని మనవలె ముందుకు త్రిప్పి కూర్చుండబెట్టవలెనని ఇంటిలోని వారందరును అనుచున్నారు. ఏమి చేయమందురు?"

ఇది ఆ ఒక్క ఇంటి ప్రశ్న కాదు. మొదటి సీటు కొనిన ప్రతి కుటుంబమునకును ఏడాది తిరుగక మునుపే ఈ ప్రశ్న ఎదురగును. దీనికి సమాధానము రెండు ముక్కలలో చెప్పవచ్చును: పెద్ద సీటు కొనవచ్చును, బిడ్డను ముందుకు త్రిప్పుటకు మాత్రము తొందరపడరాదు.

వెనుకకు తిరిగి కూర్చుండుట ఎందులకు?

పసిబిడ్డ పెద్దవారికి చిన్న నమూనా కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగవ వంతు తలయే యుండును. పెద్దవారిలో అది ఎనిమిదవ వంతు మాత్రమే. అంతటి బరువైన తలను మోయవలసిన మెడ ఎముకలు ఇంకను పూర్తిగ గట్టిపడియుండవు. ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డ కారు గ్రుద్దుకొన్నప్పుడు భుజముల వద్ద పట్టీలచే ఆపబడును. తల మాత్రము ఆగక ముందునకు విసరబడును. ఆ ఊపునంతయు లేత మెడయే భరింపవలెను. వెన్నుపాము సాగి దెబ్బతిను అపాయము ఇచటనే కలదు.

వెనుకకు తిరిగి యున్న బిడ్డ విషయము వేరు. ఎదురు దెబ్బ తగిలినప్పుడు బిడ్డ తల, మెడ, వీపు మూడును కలసి సీటు వీపునకు అదుముకొనును. బలము ఒకచోట గాక వీపంతటను పరచుకొనును. ఈ సూత్రమును 1960వ దశకమున స్వీడను దేశపు ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ కారు సీటునకు అన్వయించెను. వ్యోమగాములు పయనించునపుడు వెల్లకిల వీపుపై బలమును భరించు విధానము ఆయనకు ఈ ఆలోచన కలిగించినది. స్వీడనులో నేటికిని పిల్లలను సుమారు నాలుగేండ్ల వరకు వెనుకకు త్రిప్పియే కూర్చుండబెట్టుచున్నారు. అమెరికా శిశువైద్యుల సంఘము కూడ, సీటు అనుమతించు గరిష్ఠమైన బరువు లేక ఎత్తు వచ్చువరకు బిడ్డను వెనుకకే త్రిప్పి యుంచవలెనని 2018లో సలహా యిచ్చినది.

మరి కాళ్ళ మాటేమి? కాళ్ళు సీటునకు తగులుట సీటు చాలదనుటకు గుర్తు కాదు. మన పిల్లలు నేలపై మఠము వేసికొని హాయిగా కూర్చుందురు గదా! సీటులోను అట్లే కాళ్ళు ముడుచుకొందురు. వారికి అది బాధ కాదు. మెడకు దెబ్బ తగులుటతో పోల్చినచో అది లెక్కింపవలసిన విషయమే కాదు.

సీటు చాలదని ఎట్లు తెలియును?

మూడు గుర్తులు కలవు. మొదటిది బరువు: సీటుపై వ్రాసిన గరిష్ఠ బరువును బిడ్డ చేరుకొనుట. రెండవది తల: బిడ్డ నడినెత్తికిని సీటు పై అంచునకును నడుమ ఒక అంగుళము చోటు కూడ మిగులకుండుట. మూడవది భుజము: వెనుకకు తిరిగిన సీటులో పట్టీలు భుజములకు సమముగ గాని, కొంచెము క్రిందుగ గాని సీటులోనుండి బయటకు రావలెను. అన్నిటికంటె పై రంధ్రములలో దూర్చినను పట్టీ భుజమునకు బాగుగ క్రిందనే ఉండిపోయినచో ఆ సీటు కాలము తీరినదన్న మాట. ఈ మూడింటిలో ఏది ముందు వచ్చినను సీటు మార్చవలెను. వయస్సును బట్టి మాత్రము మార్చరాదు.

ఇచట అంగన్వాడీ కేంద్రము మనకు మిక్కిలి ఉపకరించును. బిడ్డ బరువు, ఎత్తు ఆ కేంద్రములో ఎట్లును కొలిచి వ్రాయుచున్నారు. సీటు ఎన్నిక చేయుటకు కావలసిన అంకెలు ఈ రెండే. ఆ కాగితము చేతబట్టుకొని దుకాణమునకు పోవువాడు మోసపోడు.

తదుపరి సీటు ఏది?

మన దేశమున శిశు ఆసనములకు ఏఐఎస్-072 అను ప్రమాణము కలదు. బరువును బట్టి ఆసనములు తరగతులుగ విభజింపబడినవి. 10 కిలోల వరకు "0" తరగతి, 13 కిలోల వరకు "0+" తరగతి, 9 నుండి 18 కిలోల వరకు 1వ తరగతి, 15 నుండి 25 కిలోల వరకు 2వ తరగతి, 22 నుండి 36 కిలోల వరకు 3వ తరగతి. ఐరోపా నుండి వచ్చిన ఆర్-129 అను మరియొక ప్రమాణమున ఎత్తును బట్టి లెక్కింతురు. దాని ప్రకారము 15 మాసములు నిండక మునుపు బిడ్డను ముందుకు త్రిప్పనే రాదు.

1వ తరగతి 9 కిలోలకే ఆరంభమగుచున్నది గదా యని పలువురు బిడ్డ 9 కిలోలు కాగానే ముందుకు త్రిప్పెదరు. ఇదియే పొరపాటు. 9 కిలోలు అనునది ఆరంభించుటకు అనుమతియే కాని, ఆజ్ఞ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణములలో ఏడాది నిండిన మగబిడ్డ మధ్యస్థ బరువు 9.6 కిలోలు, ఆడబిడ్డ బరువు 8.9 కిలోలు, రెండేండ్లకు 12.2, 11.5 కిలోలు. దీనినిబట్టి రెండేండ్లు నిండినను పెక్కుమంది బిడ్డలు 13 కిలోలు దాటియుండరని తెలియుచున్నది. తొట్టి సీటు పొట్టిది కనుక తల ముందుగా అంచును చేరును గాని, బరువు చాలకపోవుట అరుదు.

కనుక తదుపరి సీటుగ ఎన్నుకొనదగినది "కన్వర్టిబుల్" అను రకము. ఇది తొట్టి సీటు కంటె ఎత్తైనది. వెనుకకును, తరువాత ముందుకును త్రిప్పి అమర్చవచ్చును. కొన్నిటిలో 13 కిలోల వరకు, మరికొన్నిటిలో 18 కిలోల వరకు వెనుకకు త్రిప్పి యుంచు వీలు కలదు. ధరలో పెద్ద తేడా లేనిచో రెండవ దానినే కొనవలెను. ఒకే సీటు మూడు నాలుగేండ్లు పనికివచ్చును గనుక ఖర్చును కలసివచ్చును. ఆపై బూస్టరు సీటు. కారు బెల్టు బిడ్డ మెడకు గాక భుజము నడుమగను, పొట్టపై గాక తుంటి ఎముకలపైనను పడునంత వరకు దానిని వాడవలెను.

బిగించు విధానము

ఎంత మంచి సీటైనను వదులుగ బిగించినచో ప్రయోజనము లేదు. కొనక మునుపే మన కారులో అమర్చి చూడవలెను. కొన్ని సీట్లు కారు బెల్టుతో బిగియును. కొన్ని ఐసోఫిక్స్ అను ఇనుప కడియములకు తగులుకొనును. ఈ కడియములు వెనుక సీటు వీపు, పరుపు కలియు చోట ఉండును. బిగించిన పిమ్మట సీటు మొదలు పట్టి ఊపినచో అది అంగుళమునకు మించి కదలరాదు. బిడ్డకు కట్టిన పట్టీని భుజము వద్ద వ్రేళ్ళతో గిల్లిన మడత దొరకరాదు. దుప్పటి గాని, మందమైన స్వెటరు గాని పట్టీల క్రింద ఉండరాదు. కప్పవలసినచో పట్టీలు బిగించిన తరువాత పైన కప్పవలెను.

సీటు వెనుక వరుసలోనే యుండవలెను. ముందు ఎయిర్‌బ్యాగు ఉన్న చోట వెనుకకు తిరిగిన సీటును ఎన్నడును అమర్చరాదు. ఎయిర్‌బ్యాగు విచ్చుకొను విసురునకు బిడ్డ ప్రాణమే పోవచ్చును. దూర ప్రయాణములలో రెండు గంటలకొకసారి కారు ఆపి బిడ్డను బయటకు తీయవలెను. రోహిణి కార్తె ఎండలలో బకిల్ కాలిపోవును. చేతితో తాకి చూచి బిగించవలెను. కారు ఆగిన పిమ్మట బిడ్డను సీటులో వదలి ఎవరును పోరాదు.

పాత సీట్లు, విదేశపు సీట్లు

ఒక ఇంట పనికివచ్చిన సీటు మరియొక ఇంటికి పోవుట మంచిదే. ఈ సీట్లకు వేల రూపాయలు వ్యయమగును, అందరును భరింపలేరు. కాని దాని చరిత్ర తెలియవలెను. ప్రమాదమున చిక్కిన సీటు పైకి బాగుగ కనిపించినను లోపల పగిలియుండవచ్చును. దానిని వాడరాదు. ప్రమాణ ముద్ర, తయారీ తేదీ చెరిగిపోయిన సీటును, పట్టీ చిరిగిన సీటును వదలవలెను.

అమెరికాలోని మన బిడ్డలు సెలవులకు వచ్చుచు తమతో సీట్లు తెచ్చి, పోవునపుడు బంధువుల కిచ్చి పోవుచున్నారు. నా చెల్లెలి కుమార్తెకును అట్టి సీటొకటి వచ్చినది. చూచుటకు క్రొత్తదివలె నుండెను. త్రిప్పి చూడగా అడుగున వాడకము ముగియు తేదీ అచ్చువేసి యున్నది. అది రెండేండ్ల క్రిందటనే గడచిపోయినది. ఉచితముగ వచ్చినదానిని వదలుటకు ఇంటిలో అందరికిని మనసొప్పలేదు. కాని ఎండలకు, కాలమునకు ప్లాస్టిక్కు పెళుసెక్కును. చివరకు దానిని ప్రక్కన పెట్టి, ఏఐఎస్ ముద్ర గల సీటు కొనినాము. విదేశపు సీటు తీసికొనువారు ఈ తేదీని, మన కారు బెల్టుతో అది బిగియునా లేదా యనుదానిని ముందుగా పరీక్షింపవలెను.

పంచాయతీలు చేయదగిన పని

ఈ పనికి నిధులు అక్కరలేదు, మాట చాలును. గ్రామసభలో ఒక పావుగంట ఈ విషయమునకు కేటాయింపవచ్చును. గ్రామములో అద్దె కార్లు నడుపువారిని పిలిచి, వెనుక సీటు బెల్టులను పరుపుల క్రింద దాచివేయక పైకి తీసి యుంచుడని చెప్పవచ్చును. బెల్టు లేనిచో ఎంతటి సీటును అమరదు. బిడ్డలను తూచునపుడు అంగన్వాడీ కార్యకర్త, కారు గల తల్లులకు సీటు సంగతి కూడ గుర్తు చేయవచ్చును. పిల్లలు పెద్దవారైన ఇండ్లలో మంచి సీటు ఊరక పడియున్నచో అది చేరవలసిన ఇంటికి చేర్చుట సభ్యులకు కష్టమైన పని కాదు.

ప్రశ్న యడిగిన సభ్యుడు మనుమని బరువు ఎంతయో చెప్పలేకపోయిరి. సభలోనే యున్న అంగన్వాడీ కార్యకర్త పుస్తకము చూచి 8 కిలోల 400 గ్రాములని చెప్పినది. "అయితే వీడు ఇంకను వెనుకకే తిరిగి కూర్చుండవలెనన్న మాట" అని ఆయనయే నిర్ణయించుకొనిరి. ప్రతి గ్రామమునను ప్రతి తాతయు ఈ లెక్క తానుగా వేసికొనగలిగిననాడు మన రోడ్లపై పసిప్రాణములకు భద్రత పెరుగును. ఆ లెక్కను నేర్పు బాధ్యతను పంచాయతీ సభ్యులు స్వీకరింతురు గాక.