రంగు కింద రోగం

టక్... టక్... టక్... డబ్!

చిన్న సుత్తి పట్టుకుని బోటు పక్కగా నడుస్తున్న మనిషి ఆ చివరి శబ్దం దగ్గర ఆగిపోతాడు. మళ్లీ కొడతాడు. మళ్లీ డబ్. జేబులోంచి సుద్దముక్క తీసి అక్కడ గుండ్రంగా గీత గీస్తాడు. చూసేవాళ్లకి అక్కడేమీ కనిపించదు. పగులు లేదు, బీట లేదు. పోయినేడు వేసిన నీలంరంగు ఇంకా నిగనిగలాడుతూనే ఉంటుంది. కానీ ఆ గీత లోపల పొరలు విడిపోయాయి. సముద్రం బోటులోకి రావాలనుకుంటే ఈసారి ఆ దారినే వస్తుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లుపెట్టే కాలం కదా! 2015కు ముందు 47 రోజులే ఉండేది, ఇప్పుడు 61 రోజులు. ఇంజిను ఉన్న బోట్లన్నీ ఒడ్డెక్కేస్తాయి. వలలు అల్లుకోవడం, ఇంజిన్లు విప్పి చూసుకోవడం, రంగులు వేయడం... అన్నీ ఆ రెండు నెలల్లోనే. పాతబడిన ఫైబర్ బోటుకి ఒళ్లంతా పరీక్ష చేయించడానికీ అదే అదను. అయితే రంగు డబ్బా కొన్నంత తేలిగ్గా సుత్తి చేతపట్టరు చాలామంది. చిక్కంతా అక్కడే.

తెప్ప మునగదు... ఫైబర్ మునుగుతుంది

పాతకాలం తెప్ప అంటే నాలుగైదు దుంగలు తాళ్లతో కట్టిందే. పెద్ద అల మీదపడితే మనుషులు తడుస్తారు, వల పోతుంది. తెప్ప మాత్రం తేలుతూనే ఉంటుంది, చెక్క నీటికన్నా తేలిక కాబట్టి. ఫైబర్ అలా కాదు. గాజుపోగులూ రెజినూ కలిసి గట్టిపడిన ఆ పదార్థం నీటికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. బోటు లోపల గాలి ఉన్నంతసేపే తేలుతుంది. నీళ్లు నిండాయా, అడుక్కే. అందుకే లోపల గదులు కట్టి థర్మోకోల్ దిమ్మలో, నురగో నింపుతారు. ఏళ్లు గడిచాక ఆ నురగ నీళ్లు పీల్చేసుకుంటే? ఆపదలో తేల్చాల్సిందే బరువై కూర్చుంటుంది. ఒడ్డున ఎప్పుడూ ఆరుగురు నెట్టే బోటుకి ఎనిమిది మంది కావాల్సి వస్తోందంటే, వయసైపోయింది మనుషులకు కాకపోవచ్చు!

తూర్పుతీరంలో ఇసుక ఒడ్డుకు నేరుగా ఎక్కగలిగే పడవల కోసం ప్రయోగాలు 1980లలోనే జరిగాయి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఎఫ్ఏఓ వారి బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఆ పని చేపట్టింది. ఫైబర్ తీరమంతా పరుచుకోవడానికి మాత్రం 2004 డిసెంబరు 26 నాటి సునామీ పెద్ద కారణం. కొట్టుకుపోయిన తెప్పల స్థానంలో కొత్త బోట్లు హడావుడిగా తయారయ్యాయి. సునామీ దెబ్బతిన్న దేశాల్లో అలా కట్టినవన్నీ మంచివేం కాదు. శ్రీలంకలో కొన్ని సముద్రానికే పనికిరావని ఎఫ్ఏఓ నిపుణులు తేల్చారు. ఆనాడు దిగిన బోట్లకు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి.

కోరంగి లాంటి చోట్ల ఒకప్పుడు ఓడలు కట్టిన వడ్రంగికి చెక్క భాష తెలుసు. కుళ్లిందో లేదో గోటితో గిల్లి చెప్పేవాడు. పాడైన పలక ఊడదీసి కొత్తది వేసేవాడు. ఫైబర్ బోటుకి పలకల్లేవు, సందుల్లేవు. మొత్తం ఒకే పెంకు. గోటికి ఏమీ చెప్పదు. ఏది చెప్పినా చెవికే.

గాజు చెడదు, జోడు చెడుతుంది

ఫైబర్ దానంతటది ముసలిది కావడం తక్కువ. అమెరికా నౌకాదళం ‘హాఫ్‌బీక్’ జలాంతర్గామి పైభాగానికి ఫైబర్ కవచం తొడిగి, 11 ఏళ్లు వాడాక 1965లో ముక్కలు కోసి పరీక్షించింది. బలం పెద్దగా తగ్గలేదు. మరి బోట్లు ఎందుకు పాడవుతున్నాయి? పెంకుకీ దాని లోపలి ఎముకలకీ ఉన్న అతుకులు ఊడటం వల్ల. లోపల దాచిన చెక్క కుళ్లడం వల్ల.

అవును, ఫైబర్ బోటులోనూ చెక్క ఉంటుంది. ఇంజిను బిగించే వెనకగోడనే చూడండి. ట్రాన్సమ్ అంటారు. రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ పెట్టి కడతారు. దాన్ని తొలిచి ఇంజిను బోల్టులు దిగుతాయి. బోల్టు చుట్టూ వేసిన సీలు రెండు మూడేళ్లకు ఎండిపోతుంది. చుక్కచుక్కగా ఉప్పునీరు దిగుతుంది. బయటికి రావడానికి దారి లేదు. చెక్క లోపలే నాని, నల్లబడి, చివరికి ముద్దవుతుంది. బయట రెండు పొరలూ మాత్రం నిటారుగా నిలబడే ఉంటాయి... ఇంజిను పూర్తి వేగంతో తిరిగే రోజు వరకూ.

బోటు అడుగున పొడవునా వేసే పట్టీలదీ ఇదే కథ. చెక్క మీదో నురగ మీదో ఫైబర్ చుట్టి వాటిని పెంకుకి అతికిస్తారు. ఒడ్డుకొచ్చే ప్రతిసారీ అల బోటును ఎత్తి ఇసుక మీద కొడుతుంది. రోజుకోసారి, ఏళ్ల తరబడి. అతుకు అంచు దగ్గర వెంట్రుకవాసి ఊడి, అక్కణ్నుంచి పాకుతుంది. పట్టీ ఊడాక పెంకు డొక్కలా లోపలికీ బయటికీ ఆడుతుంది. ఇసుకలో ఈడ్చడం వల్ల అడుగుభాగం అరిగిపోవడం దీనికి అదనం.

ఇక బుడిపెలు. ఎప్పుడూ రేవులోనో, కాలవలోనో నీళ్లలోనే ఉండే బోట్లకి ఇవి ఎక్కువ. పైనున్న జెల్‌కోటు అర మిల్లీమీటరు పొర. దాని గుండా నీరు మెల్లగా ఇంకి, లోపల సరిగా కలవని రసాయనాలను కరిగించి పొంగుతుంది. పొడిస్తే వెనిగర్ వాసనొచ్చే ద్రవం చిమ్ముతుంది. కళ్లకు తగలకూడదు. చూడటానికి భయంకరంగా ఉంటాయి గానీ, నాలుగు బుడిపెల వల్ల బోటు మునిగిపోదు. జనం వాటిని చూసి కంగారుపడి, కనపడని ట్రాన్సమ్‌ని వదిలేస్తారు!

బీటలు చదవాలి

పైపొర మీది బీటలకు ఓ లిపి ఉంది. ఒక చుక్క దగ్గర మొదలై నక్షత్రంలా నలుదిక్కులా విచ్చుకుంటే, అక్కడ ఏదో గుద్దుకుంది. జట్టీ కావచ్చు, రాయి కావచ్చు. ఒకే వరసలో సమాంతరంగా సన్నగీతలు ఉంటే, అక్కడ పెంకు వంగుతోంది. సాధారణంగా దాని వెనకే ఓ పట్టీ అంచు ఉంటుంది. మూలల్లో వంపు తిరిగే చోట వచ్చే బీటలు బరువు అంతా ఒకేచోట పడుతోందని చెబుతాయి. మొదటి రకానికి మందు అక్కడే వేస్తే సరిపోవచ్చు. మిగతావాటికి బీట పూడిస్తే లాభం లేదు. వంగడం ఆపనంతవరకూ వచ్చే ఏడాది పక్కనే మరోటి పుడుతుంది.

ట్రాన్సమ్‌కి ఇంకో పరీక్ష ఉంది. అవుట్‌బోర్డు ఇంజినును పైకి వంచి, కిందిభాగం పట్టుకుని పైకీ కిందకీ ఊపుతూ వెనకగోడను గమనించాలి. గోడ కదిలినా, బోల్టుల దగ్గర నీరు ఊరినా అనుమానమే. అప్పుడు లోపలివైపు నుంచి సన్నబిట్టుతో రంధ్రం వేసి, వచ్చిన పొట్టు చూడాలి. తెల్లగా, పొడిగా రాలితే సరే. నల్లగా, తడిగా, చేతికి అంటుకుంటే ఇంక బేరాల్లేవు. చూశాక ఆ రంధ్రం మూసేయడం మాత్రం మర్చిపోకూడదు. రోగం లేనిచోట కొత్తగా అంటించినట్లవుతుంది.

గీరాలి, ఆరాలి, అప్పుడే అతకాలి

పుట్టీ పెట్టి, మీద రంగు కొట్టేయడం చాలాచోట్ల జరిగే రిపేరు. పుట్టీలో గాజుపోగు లేదు. బలం పోగుదే. కాబట్టి పుట్టీ బీటను దాస్తుంది, మోయదు.

అసలు రిపేరు విధ్వంసంతో మొదలవుతుంది. ముందు మంచినీళ్లతో ఉప్పూ, చేపజిడ్డూ, డీజిలూ కడగాలి. కడగకుండా గీరితే ఆ జిడ్డు లోపలికి దిగుతుంది. తర్వాత సుత్తికి మళ్లీ ‘టక్’ మనే గట్టి ఫైబర్ వచ్చేదాకా చెడిందంతా గీరేయాలి. అంచు నిట్రంగా వదలకూడదు, ఏటవాలుగా చెక్కాలి. మందానికి పన్నెండు రెట్లు అన్నది లెక్క. పెంకు 6 మిల్లీమీటర్లుంటే చుట్టూ ఏడు సెంటీమీటర్ల వాలు. అరచేతిలో పట్టే బీటకి పళ్లెమంత గొయ్యి! యజమాని గుండె జారేది ఇక్కడే. కానీ పాత ఫైబర్‌తో కొత్తది రసాయనికంగా కలిసిపోదు, గరుకుదనాన్ని పట్టుకుని నిలబడుతుంది. పట్టు కావాలంటే చోటు కావాలి మరి.

తర్వాత ఆరబెట్టడం. తడి ఉన్న ఫైబర్ మీద రెజిన్ పట్టదు. నానిన బోటు ఆరడానికి రోజులు కాదు, వారాలు పట్టొచ్చు. 61 రోజుల్లో సగం దీనికే పోయినా పోనివ్వాలి. ఏప్రిల్‌లో సుత్తి పట్టకుండా జూన్ మొదటివారంలో మేల్కొన్నవాళ్లకు పుట్టీ తప్ప దారి ఉండదు.

చదరపు మీటరుకి 450 గ్రాముల మ్యాట్ ఒక పొర వేస్తే సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. అంటే ఆరు మిల్లీమీటర్లకి ఆరు పొరలు. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే రెజిన్ వేడెక్కి పొగలొస్తుంది. రెండు మూడు పొరలు వేసి, కాస్త ఆగి, మళ్లీ వేయాలి. చిన్నముక్క ముందా, పెద్దముక్క ముందా అన్నది ఈ పనివాళ్ల మధ్య తెగని పేచీ. వాలు సరిగా ఉండాలన్న దగ్గర మాత్రం అందరూ ఒక్కటే.

కిలో రెజిన్‌కి కెటలిస్టు 10 నుంచి 20 గ్రాములు. మే ఎండలో అది నిమిషాల్లో గడ్డకడుతుంది. అలాగని 10 గ్రాములకన్నా తగ్గిస్తే ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు. పొద్దున్నే పని ముగించుకోవడమే మేలు. ఇంకోటి... కెటలిస్టునీ కోబాల్టునీ నేరుగా కలపకూడదు, పేలుతుంది. ముందు ఒకటి రెజిన్‌లో బాగా కలిశాకే రెండోది. కెటలిస్టు కంట్లో పడితే చూపుకే ముప్పు. గీరేటప్పుడు లేచే గాజుపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకి తువ్వాలు చుట్టుకోవడం సరిపోదు, సరైన మాస్కు కావాలి. బోటు బాగుపడి మనిషి పాడైతే ఎవరికి లాభం?

ట్రాన్సమ్ కుళ్లితే లోపలి పొర కోసి, చెక్క మొత్తం తీసేయాల్సిందే. సగం తీసి సగం ఉంచితే ఆ సగం నుంచే కొత్తదానికీ పాకుతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తెచ్చి, అన్ని అంచులకూ రెజిన్ తాగించి కూర్చోబెట్టాలి. బోల్టు రంధ్రాలకు ఓ చిట్కా ఉంది. కావలసినదానికన్నా పెద్దగా తొలిచి, ఎపాక్సీ ముద్దతో పూర్తిగా నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో బోల్టుకు సరిపడా మళ్లీ తొలవాలి. అప్పుడు సీలు పాడైనా నీటికి ఎదురయ్యేది ఎపాక్సీ, చెక్క కాదు.

పని పూర్తయ్యాక అతికిన చోటంతా సుత్తి మళ్లీ ఓ చుట్టు తిరగాలి. జూన్ 14 రాత్రి వచ్చేలోపు ఓ పూట ఒడ్డుకు దగ్గర్లోనే బోటును నీళ్లలో దించి, ఒకరు ఇంజిను వేగం పెంచుతుంటే మరొకరు ట్రాన్సమ్ లోపలివైపు అరచెయ్యి ఆనించి కూర్చోవాలి. వణుకు ఇంజినుదైతే సన్నగా, ఒకే తీరుగా తెలుస్తుంది. గోడ తోసుకొస్తున్నట్టు అనిపిస్తే బోటును వెనక్కి తిప్పడమే.