సముద్రపు ఒడ్డున నడక – మా అక్క పాదం



షుగరు, బి.పి. ఉన్నవారికి "రోజూ నడవండి" అని చెప్పి పంపడం మన ఓ.పి.లో అలవాటు. డాక్టరుగారు చీటీ మీద రాస్తారు, సిస్టర్లు నోటితో చెబుతారు. ఎక్కడ నడవాలో మేము చెప్పము, వాళ్ళూ అడగరు. హైవే పక్కన ఇల్లున్న మనిషి లారీల మధ్య ఎలా నడుస్తుంది? నడుము లోతు మురికి కాలువ దాటితే గాని బజారుకు దారిలేని ఇల్లాలు ఎలా నడుస్తుంది? నడక అనేది సగం మన చేతిలోను, సగం మనం ఉండే పేట చేతిలోను ఉంటుంది. విశాఖపట్నంలో ఉంటున్న మా పెద్దక్కను చూసిన తరువాత ఇది నాకు బాగా తెలిసింది. దానితో పాటు ఇంకొక సంగతి కూడా తెలిసింది. అది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉన్నది.

అక్క టీచరుగా చేసి రిటైరయింది. బావగారు పోర్టులో ఉద్యోగం చేసి, 2016లో ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. పిల్లలిద్దరిలో ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో ఉంటున్నారు. అక్క మాత్రం పాండురంగపురంలో, బీచ్ రోడ్డుకు నాలుగు అడుగుల దూరంలో, రెండో అంతస్తులోని చిన్న ఫ్లాటులో ఒక్కతే ఉంటుంది. "ఒక్కదానివే ఎలా ఉంటావే?" అంటే, "ఒక్కదాన్ని ఎక్కడున్నాను, కిందికి దిగితే ఊరంతా ఉంది కదా" అంటుంది.

ఆ మాట నిజమే. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసి రోడ్డును నడిచేవాళ్ళకు వదులుతారు. కాళీమాత గుడి దగ్గర నుండి వుడా పార్కు వైపు (ఇప్పుడు వి.ఎం.ఆర్.డి.ఎ. పార్కు అంటున్నారు గాని, మా నోటికి వుడా పార్కే) జనం బారులు తీరి నడుస్తారు. మోకాళ్ళకు పట్టీలు కట్టుకున్న పెద్దవాళ్ళు, యూనివర్సిటీ పిల్లలు, పోలీసు ఉద్యోగాలకు పరుగు ప్రాక్టీసు చేసుకునే కుర్రవాళ్ళు, అందరూ ఆ రోడ్డు మీదే. దారిలో కురుసుర జలాంతర్గామి ఉంటుంది. అది 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధులనుండి విరమించి, 2002 నుండి మ్యూజియంగా ఇసుక ఒడ్డున కూర్చున్నది. "నాలాగే రిటైరయింది, నాలాగే బీచి చూస్తూ కూర్చుంది" అని అక్క నవ్వుతుంది. ఎదురుగా టి.యు.-142 విమానం 2017లో వచ్చి చేరింది. పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం ఉన్నది. శ్రీశ్రీ, ఆరుద్ర ఈ ఊళ్ళోనే పుట్టారు, రావిశాస్త్రిగారు ఈ ఊళ్ళోనే వకీలుగా ఉంటూ కథలు రాశారు. మాస్టర్లు, నాటకాలవాళ్ళు, సంగీతం టీచర్లు ఈ చుట్టుపక్కల చాలామంది. సాయంత్రాలు కళాభారతిలో కచేరీ ఉంటే అక్క, ఇంకో ఇద్దరు రిటైర్డు టీచర్లు కలిసి ఆటోలో వెళ్ళి వస్తారు. యూనివర్సిటీలో బొమ్మలు నేర్చుకునే పిల్లలు ఒడ్డున కూర్చుని పడవలు గీస్తుంటే చూసి, అరవై ఏడో ఏట తానూ ఒక డ్రాయింగు పుస్తకం కొనుక్కున్నది. పడవలు సొరకాయల్లా వస్తాయి. అయినా గీస్తుంది.

వాల్తేరు గాలికి ఆరోగ్యం ఇస్తుందన్న పేరు ఈనాటిది కాదు. తెల్లదొరలు కూడా పాతపట్నం వదిలి, గాలి కోసం వాల్తేరు మెట్ట మీద బంగళాలు కట్టుకున్నారు. మానసిక వైద్యశాల, ఛాతీ వ్యాధుల ఆసుపత్రి కూడా వాల్తేరులోనే ఉన్నాయి. అయితే నర్సుగా నా అభిప్రాయం ఏమంటే, గాలి కన్నా ఎక్కువ మేలు చేసేది ఆ పేటలో బతికే పద్ధతి. పాల ప్యాకెట్టుకు కిందికి దిగాలి. కూరలకు నడవాలి. ఆదివారం చర్చికి నడిచే వెళుతుంది. మందుల షాపు, బ్యాంకు అన్నీ కాలినడక దూరమే. ఇది వ్యాయామం అని అక్క ఎన్నడూ అనుకోలేదు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అక్కకు అది మూడు రోజుల్లోనే పూర్తవుతుంది. రాత్రి భోజనం అయ్యాక కూడా ఒక పావుగంట అలా వెళ్ళి వస్తుంది. భోజనం తరువాత నడిస్తే తిన్న తరువాత పెరిగే షుగరు తగ్గుతుంది, ఇది మందుల ఖర్చు లేని మందు.

ఇక నా సిగ్గు సంగతి.

2022 డిసెంబరులో క్రిస్మస్ సెలవుకు అక్క దగ్గరకు వెళ్ళాను. వంటింట్లోనుండి హాలులోకి వస్తుంటే మొజాయికు మీద ఆమె వెనుక చిన్న చిన్న తడి మచ్చలు పడుతున్నాయి. "నీళ్ళు తొక్కావా అక్కా?" అన్నాను. "లేదే" అన్నది. కూర్చోబెట్టి కుడి పాదం తిప్పి చూశాను. నాలుగో వేలి కింద పుండు. లోపల గవ్వ ముక్క ఇరుక్కుని ఉన్నది. చుట్టూ ఎర్రగా, వేడిగా ఉన్నది, వాసన కూడా వస్తున్నది. ఎన్నాళ్ళయిందో ఆమెకు తెలియదు. నొప్పి లేదు!

ఎవరో వాకింగు స్నేహితురాలు "చెప్పులు లేకుండా తడి ఇసుకలో నడిస్తే నరాలకు మంచిది, షుగరు దిగుతుంది" అని చెప్పిందట. ఆరు నెలలుగా అలాగే నడుస్తున్నది. కాలికి ఏదో గీసుకున్నట్టుంటే, ఉప్పు నీరు మందు కదా అని అలల్లో కాలు పెట్టి కడుక్కున్నదట. దయచేసి ఎవరూ ఇలా చేయకండి. సముద్రపు నీరు సెలైను కాదు. వెచ్చని సముద్రపు నీళ్ళలో ఉండే కొన్ని సూక్ష్మక్రిములు తెగిన చర్మంలోనుండి ప్రవేశిస్తే, షుగరు ఉన్నవారికి, లివరు జబ్బు ఉన్నవారికి ప్రాణం మీదికి కూడా రావచ్చు. కుక్కలు తిరిగే ఇసుకలో కొంకిపురుగుల పిల్లలు ఉండి చర్మంలోకి దూరి పాకుతాయి కూడా.

అక్కకు షుగరు వచ్చి అప్పటికి పద్నాలుగేళ్ళు. వార్డులో నేను ఎన్ని వందల పాదాలు తిప్పి చూశానో లెక్కలేదు. డ్యూటీలో ఉన్న పిల్లలు పాదం చూడకుండా చార్టులో రాస్తే కోప్పడతాను. సొంత అక్క పాదం ఒక్కసారైనా తిప్పి చూడలేదు. వెళ్ళిన ప్రతిసారి బి.పి. చూశాను, మాత్రలు లెక్కపెట్టాను, అంతే.

అక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే ఎముకకు పట్టినట్టు తేలింది. ఆ వేలు తీసివేశారు. పాదం దక్కింది, దేవునికి స్తోత్రం. ఏడు వారాలు డ్రెస్సింగులు జరిగాయి.

నేను నర్సింగు చదివిన రోజుల్లో కుష్ఠు వార్డులో పోస్టింగు వేసేవారు. డాక్టర్ పాల్ బ్రాండ్‌గారు 1946లో వెల్లూరు వచ్చి చేసిన పని గురించి మా ట్యూటరు సిస్టరుగారు చెప్పిన పాఠం ఇంకా గుర్తున్నది. కుష్ఠు రోగుల వేళ్ళు జబ్బు తిని పోవడం లేదు, నొప్పి తెలియక వాళ్ళకు వాళ్ళే గాయపరచుకోవడం వల్ల పోతున్నాయి అని ఆయన గుర్తించారు. మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు మిషను ఆసుపత్రులన్నిటికీ అలా అలవాటయ్యాయి. షుగరు పాదానిది కూడా అదే తంతు. నరాలు మొద్దుబారడం కాలి వేళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతుంది. చెమట పట్టక చర్మం పొడిబారి పగుళ్ళు వస్తాయి. నొప్పి లేదు గనుక పేషెంటు రాదు, వచ్చేసరికి ఎముక వరకు వెళ్ళి ఉంటుంది.

వేలు పోయాక పిల్లలు భయపడిపోయారు. "అమ్మను ఇంక అక్కడ ఉంచేది లేదు పిన్నీ" అన్నారు. నేనూ సరేనన్నాను. అక్కను హైదరాబాదు తీసుకువెళ్ళారు. మంచి ఫ్లాటు, పదకొండో అంతస్తు, లిఫ్టు, గేటు దగ్గర సెక్యూరిటీ. పిల్లలు ఎంతో ప్రేమగా చూసుకున్నారు, ఆ మాట చెప్పాలి. పాలు, కూరలు, మందులు తలుపు దగ్గరకే వచ్చేవి. కింద ట్రెడ్‌మిల్లు ఉన్నది గాని అక్క దాని మీద ఒక్కసారి ఎక్కి, "భూమి వెనక్కి పోతోంది" అని దిగిపోయింది. గేటు దాటితే ఫుట్‌పాత్ లేదు. ఐదు నెలలకు మూడు నెలల సగటు షుగరు పరీక్షలో 7.4 ఉన్నది 9.1 అయింది. ఫోనులో మాట్లాడడం తగ్గించింది. ఒకరోజు "చెల్లీ, నా వేలు అక్కడ పోయింది గాని, నా కాళ్ళు ఇక్కడ పోతున్నాయే" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు పిల్లలిద్దరికీ ఫోను చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను. పెద్దవాడు నాతో నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

2023 ఆగస్టులో అక్క మళ్ళీ పాండురంగపురం వచ్చింది. ఈసారి షరతులతో. ఇసుకలోకి దిగకూడదు. వెనుక పట్టీ ఉన్న, మేకులు కొట్టని ఎం.సి.ఆర్. చెప్పులు. ఇంట్లో వేరే జత, ఎందుకంటే గాయాలు ఇంట్లో కూడా తగులుతాయి. చెప్పులు వేసుకునే ముందు లోపల చేయిపెట్టి తడిమి చూడాలి. రాత్రి పడుకునే ముందు అద్దం నేల మీద పెట్టుకుని అరికాలు చూసుకోవాలి, వేళ్ళ మధ్య కూడా. కొబ్బరినూనె పాదాలకు రాయవచ్చు గాని వేళ్ళ సందుల్లో రాయకూడదు. ఎండ ఎక్కకముందే ఇల్లు చేరాలి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానుకు ఊళ్ళో ఎన్నో చెట్లు కూలిపోయాయి. చెట్టు నీడ తగ్గిన రోడ్డు మీద ఉక్కపోతలో నడవడం పెద్దవాళ్ళకు మంచిది కాదు.

మొన్న వెళ్ళినప్పుడు ఆమె వెంట నడిచాను. కొంచెం నెమ్మదించింది. గోడ మీద కూర్చుంటే గంప నెత్తిన పెట్టుకుని వచ్చే చేపలమ్మి ఆగి, "ఏటి టీచరమ్మగారూ, ఇసకలోకి దిగట్లేదేటి?" అన్నది. ఆమెకూ షుగరే. కాళ్ళకు చెప్పులు లేవు. రోజుకు అక్క కన్నా రెండింతలు నడుస్తుంది, ఆరోగ్యం కోసం కాదు, పొట్ట కోసం. గంప దించించి, ఆ గోడ మీదే కూర్చోబెట్టి రెండు పాదాలు చూశాను. మడమల్లో పగుళ్ళు ఉన్నాయి గాని పుండ్లు లేవు. అక్క తన పాత జత ఇస్తే బిగుతయ్యాయి. కొలత కాగితం మీద గీసుకుని తెచ్చి, మన చెప్పుల విభాగంలో కుట్టించి పంపాను. వేసుకుంటున్నదని అక్క చెప్పింది, చేపల వేలం దగ్గర తడిసిపోతాయని మాత్రం విప్పేస్తుందట.

రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు అక్క ఫోను చేస్తుంది. "చూసుకున్నాను" అంటుంది. తరువాతే మిగతా కబుర్లు.

మన ఆసుపత్రిలో కూడా షుగరు ఓ.పి. రోజున పాదాల పరీక్ష చేస్తాము. సన్నని నైలాను దారంతో అరికాలును తాకి స్పర్శ చూస్తాము. నొప్పి ఉండదు, పది నిమిషాలు పడుతుంది. వచ్చేటప్పుడు బయటికి వేసుకునే చెప్పులతో పాటు ఇంట్లో వేసుకునేవి కూడా సంచిలో పెట్టుకుని తీసుకురండి.