రివాల్వర్ మీది నంబరు వయసు జెప్తది.. లైసెన్సు ఇయ్యది

అమీర్‌పేట్ హాస్టళ్లల్ల ఉండి కోచింగ్ తీసుకునే మనోళ్ల ఫోన్లల్ల పాత మిలిటరీ రివాల్వర్ల వీడియోలు నేను మస్తు సూసిన. "సీరియల్ నంబరు సూడు, 1898 దాంక తయారైందైతే లైసెన్సే అక్కర్లేదు" అని అండ్ల జెప్తరు. అమెరికాల 1968 నాటి తుపాకుల చట్టం కింద ఆ లెక్క ఉన్నది. గందుకే ఆడ నంబరు వట్టుకొని ఏడు తేల్చుడు అంత ముఖ్యం. ఈడ ఆ లెక్క నడువది.

ముందుగాల నంబరు సంగతి సూద్దాం. బ్రిటిషోళ్ల మిలిటరీ రివాల్వర్లల్ల పేరువడ్డది బర్మింగ్‌హామ్ల తయారైన వెబ్లీ. 1887ల మొదటి మార్కు సైన్యంలకు వచ్చింది. 1899ల నాలుగోది, 1915ల ఆరోది వచ్చినయ్. నిజాం రాజ్యం నుంచి హైదరాబాద్ లాన్సర్స్ మొదటి ప్రపంచ యుద్ధంల పాలస్తీనా దాంక పోయిన్రు గదా, ఆరో మార్కు ఆ కాలందే.

ఒట్టి నంబరు సూస్తే ఏడు తెల్వదు. ఏ కంపెనీ, ఏ మార్కు అన్నది ముందు తేలాలె. ఎందుకంటే ఒకటే నంబరు రెండు మోడళ్ల మీద ఉండొచ్చు. తర్వాత ఫ్రేము, బ్యారల్, గుండ్లు వెట్టే సిలిండర్.. మూడింటి మీద నంబరు కలుస్తదా సూడాలె. కలువకుంటే మధ్యల ఎవరో భాగాలు మార్చిన్రన్నట్టు. ఆరో మార్కు ఫ్రేము మీద 1917 లెక్క ఏడు సుత కొట్టి ఉంటది. బాణం గుర్తు ఉంటే సర్కారు సొత్తు. రెండు బాణాలు మొనకు మొన ఎదురుగ ఉంటే, సైన్యం దాన్ని అమ్మేసిందని అర్థం. పల్టను ఏసుకున్న నంబరు వేరే ఉంటది, దాన్ని సీరియల్ నంబరు అనుకోవద్దు.

గింత జేసినా తెలిసేది తయారైన కాలమే. ఎవరి చేతుల ఉండెనో ఆ నంబరు జెప్పది. "ఫలానా నవాబుది" అని ధర వెంచేటోళ్ల దగ్గర కాయితం అడుగున్రి.

ఇగ చట్టం. మన ఆయుధాల చట్టం 1959ది. 45వ సెక్షన్ల పాత మోడలు, పురాతన విలువున్న ఆయుధాలకు మినహాయింపు ఉన్నది. కానీ బాగుజేసినా, చెయ్యకున్నా అది పేలనిదై ఉండాలె. వందేండ్లదైనా సరే, రిపేరు జేస్తే పేలుతదంటే లైసెన్సు ఉండాల్సిందే. అది పేలుతదా లేదా అన్నది ఫోటో సూసి ఎవరూ తేల్చలేరు.

నంబరు గీకుడు ఇంకో నేరం, 8వ సెక్షన్ కింద. గీకేసిన తుపాకి నీ దగ్గర దొరికితే, గీకింది నువ్వే అని చట్టం అనుకుంటది. కాదని రుజువు జేసుకునే బరువు నీ మీదనే వడుతది.

మరి తాత సందుగల పాత రివాల్వర్ దొరికితే? తుడువొద్దు, ఘోడా గుంజి సూడొద్దు, స్టేటస్ వెట్టొద్దు. లోపల గుండు ఉండొచ్చు. తాత లైసెన్సు కాయితం ఉంటే తీసి వెట్టుకొని, పంజాగుట్టల ఉన్నా పల్లెల ఉన్నా దగ్గరి ఠాణాకు జల్దిన ఖబర్ జెయ్యాలె. లైసెన్సు గడువు అయిపోయిన ఆయుధాన్ని ఠాణాలనో, లైసెన్సున్న డీలర్ కాడనో జమ జెయ్యాలని 21వ సెక్షన్ జెప్తున్నది.

పాత ఆయుధాల మీద సోకు ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంకు పోన్రి. టికెట్ పైసలతోని అయిపోతది, కోర్టు సుట్టు తిరిగే పని వడది.