పనికి కొదవ లేదు, గిట్టుబాటే లేదు

'ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువదించేవాళ్లు కావలెను. ఇంటి నుంచే పని. ముందుగా చిన్న టెస్ట్ రాయాలి.' ఈ తరహా ప్రకటన వాట్సాప్ గ్రూపుల్లో, లింక్డిన్‌లో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. ఓటీటీలకి సబ్‌టైటిల్స్ కావాలి, బ్యాంకులకి తెలుగు యాప్‌లు కావాలి, ఆన్‌లైన్ దుకాణాలకి వస్తువుల వివరాలు తెలుగులో కావాలి. పదిహేనేళ్ల కిందటితో పోలిస్తే తెలుగు రాయగలిగినవాళ్లకి పని పెరిగింది. కానీ అదే బతుకుదెరువుగా పెట్టుకున్నవాళ్లని కదిపితే వరి రైతు చెప్పే మాటే చెబుతారు: గిట్టుబాటు కావడం లేదని. రైతుకి కనీసం మద్దతు ధర అనేది ఒకటి కాగితం మీదైనా ఉంది.

పెరిగిన పనికి తగ్గట్టు డబ్బు ఎందుకు పెరగలేదో తెలియాలంటే ఫైలు వచ్చే దారి చూడాలి. విదేశంలో ఉన్న ఒక కంపెనీ తన యాప్‌ని పదుల భాషల్లోకి మార్చే పనంతా ఒక అంతర్జాతీయ ఏజెన్సీకి అప్పగిస్తుంది. ఆ ఏజెన్సీ భారతీయ భాషలన్నీ మూటగట్టి ఢిల్లీలోనో పుణేలోనో ఉన్న మరో ఏజెన్సీకి ఇస్తుంది. అక్కడి నుంచి గుంటూరులోనో వరంగల్‌లోనో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషికి మెయిల్ వస్తుంది. ప్రతి చేతిలోనూ కొంత ఆగుతుంది. ఆగడాన్ని తప్పు పట్టలేను. ఏజెన్సీలు గిరాకీ తెస్తాయి, ఫైళ్లు సర్దుతాయి, తప్పులు దిద్దిస్తాయి. అసలు అన్యాయం వేరే ఉంది: కంపెనీ ఎంత ఇచ్చిందో చివరి మనిషికి ఎప్పటికీ తెలియదు. పైగా ఆ కంపెనీతో నేరుగా మాట్లాడనని ముందే సంతకం పెట్టి ఉంటాడు. ఇక బేరం దేన్ని చూసి ఆడాలి?

ధర ఒప్పుకున్నాక కూడా లెక్కలో కోతలుంటాయి. మాటకి ఇంత అంటారు సరే, ఏ భాష మాటకి? ఇంగ్లిష్‌లో విడిగా రాసే రెండు మూడు మాటలు తెలుగులో విభక్తితో కలిసి ఒక్కటైపోతాయి. అలా పదివేల మాటల ఇంగ్లిష్ ఫైలు తెలుగులో ఏడెనిమిది వేలకి దిగుతుంది. మాటకి రూపాయి అనుకుందాం. తెలుగు మాటలు లెక్కపెడితే పని ఒక్క అక్షరం తగ్గకుండా రెండు మూడు వేల రూపాయలు పోతాయి. తర్వాతి కోత ట్రాడోస్, మెమోక్యూ లాంటి సాఫ్ట్‌వేర్లది. పాత అనువాదాలన్నీ వాటిలో దాచి ఉంటాయి. కొత్త వాక్యం పాతదానితో ఎంత కలిసిందో శాతాల్లో చూపిస్తాయి, ఆ శాతాన్ని బట్టి డబ్బు తగ్గుతుంది. పూర్తిగా కలిసిన వాక్యానికి చాలాసార్లు ఏమీ రాదు. అందులో తప్పుంటే అడిగేది మాత్రం అనువాదకుణ్నే.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు 2011 జూన్‌లో వచ్చింది. 2017 ఏప్రిల్‌లో న్యూరల్ పద్ధతికి మారాక దాని వాక్యం కుదుటపడింది. 2022లో కేంద్రం భాషిణి అనే అనువాద వేదికని తెచ్చింది, అదే ఏడాది చివర చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడు ఏజెన్సీలు పంపే పనిలో యంత్రం అనువదించినదాన్ని దిద్దడం పెద్ద భాగమైంది. పోస్ట్ ఎడిటింగ్ అంటారు, కొత్త అనువాదానికిచ్చే ధరలో కొంతే ఇస్తారు. యంత్రం రావడం మంచిదే, చేతినొప్పి తగ్గింది. ధర నిర్ణయించిన తీరు మంచిది కాదు. యంత్రం తెలుగు ఇప్పుడు సాఫీగా చదివిస్తుంది కాబట్టి తప్పు కంటికి ఆనదు. ఒక స్క్రీన్‌లో 'మీరు' అన్న మనిషినే తర్వాతి స్క్రీన్‌లో 'నువ్వు' అంటుంది. మందు చీటీలో 'తీసుకోకూడదు' జారిపోయి 'తీసుకోవచ్చు' మిగిలితే? పట్టుకోవడానికి ప్రతి వాక్యాన్నీ మూలంతో పోల్చి చదవాలి. ఆ చదువుకి పట్టే గంటలు ధరలో ఎక్కడా కనిపించవు.

కనిపించని గంటలు ఇంకా ఉన్నాయి. రోజుకి రెండువేల మాటల చొప్పున రెండువేల రూపాయలంటే బాగానే అనిపిస్తుంది. నెలలో పాతిక పనిదినాలనుకుంటే, డబ్బొచ్చే పని పన్నెండు రోజులే దొరికిందనుకోండి. ఇరవై నాలుగు వేలు. పాతిక రోజుల మీద పరిస్తే రోజుకి 960. మిగతా పదమూడు రోజులు ఖాళీగా గడవవు: టెస్టులు రాయడం, మెయిళ్లు పెట్టడం, పాత ఇన్వాయిస్ గురించి నాలుగోసారి అడగడం. ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ వేదికలో దరఖాస్తుకే 'కనెక్టులు' కొనాలి, ఒక్కోటి 15 సెంట్లు. పదహారు కనెక్టులు అడిగే పనికి 2.40 డాలర్లు పెట్టాలి, అదీ మనలాంటివాళ్లు యాభైమందికి పైగా అప్పటికే వరసలో ఉన్నచోట. అలాంటిదే మరో వేదిక ఫైవర్‌లో సంపాదించిన ప్రతి వంద రూపాయల్లో ఇరవై వేదికవే. పని వెతుక్కునే ఖర్చంతా పని చేసేవాడి నెత్తినే పడింది. ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలకి ఎవరూ చెప్పని విషయం ఇదే. పిల్లల కోసం ఉద్యోగం మానేసి ఇంట్లోంచి ఈ పని చేస్తున్న ఆడవాళ్లకైతే ఆ పదమూడు రోజులు ఇంట్లోవాళ్ల లెక్కలోకి కూడా రావు.

ఇలా ఉద్యోగం కాకుండా పనికి ఇంతని చేసేవాళ్లని గిగ్ కార్మికులంటారు. నీతి ఆయోగ్ 2022 జూన్ నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో గిగ్ కార్మికులు 77 లక్షలు, 2029-30కి 2.35 కోట్లవుతారు. గిగ్ అనగానే మన చర్చ డెలివరీ కుర్రాళ్ల దగ్గర ఆగిపోతుంది. వాళ్ల కష్టం చిన్నది కాదు. అయితే 2020 సామాజిక భద్రతా కోడ్ షెడ్యూల్లో కంటెంట్, మీడియా సేవల వేదికలూ, వృత్తి సేవల వేదికలూ ఉన్నాయి. 2025 నవంబరు 21న అది అమల్లోకి వచ్చింది. సంక్షేమ నిధి గురించి అందులో ఉంది, ధర గురించి లేదు.

బాకీల విషయంలో మాత్రం మన చేతిలో గట్టి చట్టమే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే సూక్ష్మ, చిన్న సంస్థలకి 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు 'బ్యాంక్ రేటు'కి మూడింతల చక్రవడ్డీ. సేవలు అందించే ఒంటరి మనిషి కూడా ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు, పైసా ఖర్చు లేదు. పని ఒప్పుకోకముందే నమోదు కావాలి. తర్వాత చేయించుకున్న నమోదు పాత బాకీకి పనికిరాదని 2021లో శిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ ఆగితే ఈ చట్టం కింద ఏర్పడ్డ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు. విదేశీ ఏజెన్సీల మీద ఇది పనిచేయదు. వాళ్ల సంగతి ముందే తెలుసుకోవాలంటే ప్రోజ్ వెబ్‌సైట్‌లోని బ్లూ బోర్డ్‌లో తోటి అనువాదకులు ఇచ్చిన మార్కులు చూడాలి.

గిట్టే పని లేకపోలేదు. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ప్రయోగంలో పాల్గొనే మనిషికి సమ్మతి పత్రం తనకి అర్థమయ్యే భాషలో ఉండాలి. హైదరాబాద్ లాంటి ఊళ్లో దానర్థం తెలుగు పత్రాలు, వాటిని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి సరిచూడటం. అక్కడ తప్పు ఖరీదు ఎక్కువ, కాబట్టి నిదానంగా చేసే మనిషికి విలువుంది. కోర్టు కాగితాలు, బీమా పాలసీలు కూడా అంతే. అలాంటి పని ప్రకటనల్లో దొరకదు. ఒక విషయం నేర్చుకుని, దాని అవసరం ఉన్న ఆఫీసుకి నేరుగా వెళ్లి అడగాలి. అందుకు ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లు ఇల్లు గడవాలి. అందుకే దీన్ని తేలికైన సలహాగా చెప్పలేను.

ఇప్పటికిప్పుడు మారగలిగింది పని ఇచ్చేవాళ్ల వైపే. రెండు మూడు వందల మాటలు దాటిన టెస్టుకి డబ్బివ్వాలి. మాట ఇంగ్లిష్‌దా తెలుగుదా వర్క్ ఆర్డర్‌లో రాయాలి. రేటు పక్కనే చెల్లించే తేదీ వేయాలి. ఇది తెలుగు రాష్ట్రాల్లోని ప్రచురణ సంస్థలకీ, విశ్వవిద్యాలయాలకీ, పత్రికలకీ కూడా వర్తిస్తుంది. పైగా 2024 ఏప్రిల్ నుంచి సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువు దాటిన బాకీని, చెల్లించేదాకా ఖర్చు కింద చూపడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోవడం లేదు. ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబరు వేసి పంపితే అకౌంట్స్ విభాగం దాన్ని పక్కన పెట్టే ముందు ఒకసారి ఆగుతుంది.