రంగు చూసి కలిపారు, డీఎన్ఏ చూసి విడదీశారు

క్రోమోడోరిస్‌లు గుల్ల లేని సముద్రపు నత్తలు. ఇండో-పసిఫిక్ పగడపు దిబ్బల్లో బతుకుతాయి. ఒంటిమీద నలుపు, నీలం, పసుపు చారలు. వీపు చివర పువ్వులా విచ్చుకునే మొప్పలు. గ్రీకులో ‘క్రోమా’ అంటే రంగు. బ్రిటన్‌కు చెందిన జాషువా ఆల్డర్, ఆల్బనీ హాన్‌కాక్ 1855లో ఈ ప్రజాతికి ఆ పేరు పెట్టారు.

ఆ తర్వాత నూటయాభై ఏళ్లకు పైగా రంగు, శరీర నిర్మాణం, నాలుకపై ఉండే సూక్ష్మ దంతాల వరసలను చూసి ఎన్నో జాతులను ఇందులో చేర్చుతూ వచ్చారు. 2012లో కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు చెందిన రెబెకా జాన్సన్, టెరెన్స్ గాస్లినర్ వీటి డీఎన్ఏను పోల్చి చూస్తే, ఇవన్నీ ఒకే పూర్వీకుడి సంతతి కాదని తేలింది. దాంతో చాలా జాతులు ‘గోనియోబ్రాంకస్’ అనే పాత ప్రజాతిలోకి వెళ్లాయి. అట్లాంటిక్, తూర్పు పసిఫిక్ జాతులు కొన్ని ‘ఫెలిమిడా’లో చేరాయి.

రంగు ఎందుకు మోసం చేసింది? ఈ నత్తలు స్పంజికలను తిని, వాటిలోని విషాన్ని ఒంటి అంచున ఉండే గ్రంథుల్లో దాచుకుంటాయి. ముదురు రంగులు చేపలకు హెచ్చరిక. వేర్వేరు జాతులు ఒకే వేషం వేస్తే, ఒకసారి చేదు తగిలిన చేప అన్నింటినీ వదిలేస్తుంది. కాబట్టి పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు. ఒకే జాతిలో భిన్నమైన రంగులు ఉంటాయని కూడా 2018 నాటి అధ్యయనం చూపింది.

ఇది పేర్ల పట్టింపు మాత్రమే కాదు. ఐదు క్రోమోడోరిస్ జాతులు లాట్రంకులిన్-ఎ అనే ఒకే విషాన్ని దాచుకుంటాయని 2016లో వెల్లడైంది. కణానికి ఆకారాన్నిచ్చే యాక్టిన్ పోగులు ఏర్పడకుండా ఆపే ఈ పదార్థాన్ని ప్రయోగశాలల్లో విరివిగా వాడతారు. ఏ విషం ఏ వంశంలో ఉందో తెలియాలంటే ముందు వంశవృక్షం సరిగా ఉండాలి. జీవవైవిధ్య లెక్కలకూ ఇదే వర్తిస్తుంది. పాత జాబితాల్లోని క్రోమోడోరిస్ అన్యులాటా, నేటి గోనియోబ్రాంకస్ అన్యులాటస్ ఒకే జీవి. ఆ సంగతి గమనించకపోతే ఒకదాన్ని రెండుగా లెక్కిస్తాం.

ఈ కథకు తెలుగు తీరంతోనూ బంధం ఉంది. ఉత్తర సర్కార్ల కమిషనర్‌గా పనిచేసిన వాల్టర్ ఇలియట్ తెలుగు మొక్కల పేర్లతో ‘ఫ్లోరా ఆంధ్రికా’ కూర్చారు. అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలూ జరిపించారు. ఆయన భారతదేశంలో సేకరించిన సముద్రపు నత్తలను ఆ ఆల్డర్, హాన్‌కాక్‌లే 1864లో వర్ణించారు. అందులో ఒక కొత్త ప్రజాతికి వారు పెట్టిన పేరు ‘కళింగ’. ఆ పేరు నేటికీ చెల్లుబాటులో ఉంది.