పీపాలో తేయాకు

బీరు తయారు చేయువారు కొందరు ఈ కాలమున తమ పీపాలలో తేయాకు నానవేయుచున్నారు. న్యూజీలండుకు చెందిన యీస్టీ బాయ్స్ సంస్థ, బెర్గమాట్ అను నారింజజాతి పండు పరిమళము పట్టించిన ఎర్ల్ గ్రే తేయాకుతో "గన్నమట్ట" అను బీరు చేసినది. అమెరికాలోని డాగ్‌ఫిష్ హెడ్ వారు ఫిన్లండు పల్లెల పాత బీరగు సాహ్తిని అనుసరించి ఒక బీరు చేసి, మసాలా దినుసులు వేసి కాచిన తేనీటిని అందు చేర్చి, "సాహ్‌టీ" అని పేరు పెట్టిరి. మజ్జిగలో కాఫీ పోసినట్లున్నదని నవ్వువారును ఉందురు. కాని ఈ రెండు పానీయములకును గల పొత్తు నవ్వి విడువదగినది కాదు. వాని మధ్య నడచిన పాత తగవు అసలే కాదు.

పొత్తు సంగతి ముందు చూతము. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టినచో మాల్టు అగును. దానిని నలిపి వేడినీట ఉంచినపుడు గింజలోని పిండి చక్కెరగా మారి నీటిలోనికి దిగును. ఆ తీపి రసములో హాప్స్ అను తీగ పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెట్టుదురు. హాప్స్ పువ్వులను గంటసేపు మరిగించినచో చేదు దిగును, సువాసన ఆవిరియై పోవును. అవే పువ్వులను పులిసిన పిమ్మట చల్లని బీరులో వేసినచో సువాసన నిలుచును, చేదు అంతగా రాదు. తేయాకు స్వభావమును ఇట్టిదే. మరిగించిన కొలది వగరు హెచ్చును. కావున పనితనము తెలిసినవారు ఆకును మరుగుచున్న రసములో వేయరు. పులియుట ముగిసిన తరువాత, శుభ్రమైన సంచిలో కట్టి, చల్లని బీరులో ఒకటి రెండు దినములుంచి తీసివేయుదురు. లీటరునకు కొద్ది గ్రాములు చాలును. మరికొందరు ఆకును వేరుగా వేడినీట కొన్ని నిమిషములుంచి, ఆ తేనీటిని చేర్చుదురు. పచ్చ తేయాకైనచో నీరు మరుగరాదు. 80 డిగ్రీల వేడి చాలును.

వగరు అనగానేమి? పచ్చి అరటికాయయు, కరక్కాయయు, నేరేడుపండును దీనిని పుస్తకముకంటె చక్కగా బోధించును. తేయాకులోని టానిన్ జాతి పదార్థములు లాలాజలములోని మాంసకృత్తులను పట్టుకొనును. నోటిలోని జారుడుతనము తగ్గి నాలుక బిగిసినట్లగును. తేనీటిలో పాలు పోసినపుడు వగరు తగ్గుటకు కారణమును ఇదియే. నాలుకకంటె ముందు పాలలోని మాంసకృత్తులు టానిన్లను పట్టుకొనును. బీరులో ఈ పని బార్లీ మాంసకృత్తులు చేయును. అందువలన తేయాకు మితిమీరినచో, చల్లబరచినపుడు బీరు మబ్బు పట్టును. బడిలో దీనివంటిది చూపుటకు బీరుతో పనిలేదు. చిక్కని తేనీటిని చల్లార్చినను మబ్బు కనబడును. అచట టానిన్లతో ముఖ్యముగా కెఫీన్ కలియును.

ఇక తగవు. ఇంగ్లండు పల్లెలలో బీరు గృహిణి ఇంటనే కాచుకొను పానీయము, కూలివాని ఆహారములో ఒక భాగము. చీనా తేయాకు 17వ శతాబ్దమున సంపన్నుల విలాసముగా ప్రవేశించి, క్రమముగా గుడిసెలకు దిగినది. ఈ రెండింటిని సముద్రము దాటించినవి ఈస్టిండియా కంపెనీ ఓడలే. లండను చెంత బో అనుచోట హాడ్జ్‌సన్ కాచిన బీరు వానిలోనే మన దేశపు రేవులకు వచ్చెడిది. కాంటన్ తేయాకు వానిలోనే లండనుకు పోయెడిది. 1756లో జోనాస్ హాన్వే అను వర్తకుడు తేనీరు జాతిని నిర్వీర్యము చేయునని వ్యాసము ప్రకటించెను. నిఘంటుకారుడగు శామ్యూల్ జాన్సన్ మరుసటి ఏట దానిని విమర్శించుచు, తాను విడువక తేనీరు సేవించువాడనని నిర్భయముగా చెప్పుకొనెను. అది కడుపు నిండినవారి వాదము.

కూలివాని ఇంట జరిగినది వేరు. 1784లో ప్రభుత్వము తేయాకు సుంకమును నూటికి 119 నుండి 12.5కు దించినది. ఫ్రాన్సుతో యుద్ధముల కాలమున మాల్టు పన్ను మాత్రము పెరిగినది. ఊరుమ్మడి బీళ్లు కంచెలలోనికి పోవుటతో ఆవునకు మేతయు, పొయ్యికి కట్టెలును కరవైనవి. బీరు కాచుటకు పెద్ద గంగాళము, గంటల మంట కావలెను. తేనీటికి చెంబెడు నీరు కాగిన చాలును. బార్క్‌హమ్ గ్రామ మతాచార్యుడగు డేవిడ్ డేవీస్ అచటి కూలి కుటుంబముల ఆదాయవ్యయములు సేకరించి, 1795లో గ్రంథముగా ప్రకటించెను. మాల్టు ప్రియమై, పాలు దొరకక, గత్యంతరము లేక పేదలు తేనీటికి వచ్చిరనియు, అది వారి దుఃస్థితికి ఫలితమే గాని కారణము కాదనియు ఆయన నిరూపించెను.

ఇంత స్పష్టమైన సమాధానము వచ్చినను విలియం కాబెట్ ఊరకుండలేదు. హాప్స్ తోటలకు పేరుపొందిన ఫార్నమ్‌లో పుట్టినవాడు. సైనికులను కొరడాలతో కొట్టించుటను ఖండించి చెరసాలకు పోయినవాడు. 1821లో వెలువడ నారంభించిన "కాటేజ్ ఎకానమీ"లో ఆయన మొట్టమొదట బీరు కాచుటనే బోధించెను. బక్క పందికి మాల్టు పెట్టినచో బలియుననియు, తేనీరే పోసినచో ఆకలితో చచ్చుననియు ఆయన వాదించెను. పంది విషయమున లెక్క తప్పు కాదు. మాల్టు పన్నును సయితము ఆయన గట్టిగనే తిట్టెను. అయినను నిందను తెచ్చి కెటిలుమీదను, దాని ముందు కూర్చున్న స్త్రీమీదను వేసెను. తేనీటి ముచ్చట్లు ఆడపిల్లలను చెరచునని వ్రాయుటకును వెనుదీయలేదు. పొలమున కూలిచేసి వచ్చి, పుల్లలేరుకొని పొయ్యి రాజేసిన ఆ స్త్రీని అడిగియుండినచో ఆయన మాట మారెడిదేమో. డేవీస్ ఆ ఇండ్ల సంగతి విచారించి వ్రాసినవాడు. అయినను లోకమునకు కాబెట్ పేరే తెలియును.

మాల్టు పన్నును గ్లాడ్‌స్టన్ 1880లో తొలగించెను. అప్పటికి పల్లె ఇండ్లలో బీరు కాచు వాడుక చాలవరకు పోయినది. ఆ పన్నుకు బదులుగా ప్రభుత్వము వేసినది బీరు పన్ను.